విషయసూచిక పోయిన డిస్కు

పుస్తకంలో విషయసూచిక పుట చిరిగిపోయినంత మాత్రాన లోపలి అధ్యాయాలు నశించవు. హార్డ్‌డిస్కు విషయమూ అంతే. మన సంచికకు చేరిన ఉర్దూ, తెలుగు రచనలున్న లినక్స్ డిస్కు ఒకనాడు ఖాళీగా కనిపించినప్పుడు ఇది మాకు అనుభవంలోనికి వచ్చింది. దానిని కొత్తగా ఫార్మాట్ చేయడమే మేలని కొందరు అన్నారు. ఆ మాట వినకపోవడమే ఆనాడు మేము చేసిన మంచిపని.

డిస్కును సెక్టార్లుగా లెక్కిస్తారు. సాధారణంగా ఒక సెక్టారు 512 బైట్లు. పాత ఎం.బి.ఆర్. పద్ధతి డిస్కులలో మొదటి సెక్టారునందు, 446 బైట్ల తరువాత, 64 బైట్ల పట్టిక ఒకటి ఉంటుంది. నాలుగు పార్టిషన్లకు తలా 16 బైట్లు. ఏది ఎక్కడ ఆరంభమై ఎంత దూరం సాగుతుందో అందులో వ్రాసి ఉంటుంది. ఈ స్వల్పమైన పట్టిక చెడితే, కోటానుకోట్ల బైట్లు చెక్కుచెదరకున్నా డిస్కు మూగబోతుంది.

ఇట్టి సందర్భంలో లినక్స్‌లోని లూప్ డివైస్ ఉపకరిస్తుంది. పేరుకు డివైస్ అయినా చేతికి దొరికే వస్తువు కాదు. ఒక ఫైలును డిస్కువలె చూపడం దీని మామూలు పని. అయితే ఫైలుకు బదులు అసలు డిస్కునే ఇచ్చి, ‘ఇన్ని బైట్లు దాటిన తరువాత చూడు’ అని లోసెటప్ అనే ఆజ్ఞతో చెప్పవచ్చును. దాటవలసిన దూరం ఆఫ్‌సెట్. ఎంతవరకు చూడవలెనో తెలిపేది సైజ్‌లిమిట్. అంటే డిస్కుపై మనకు కావలసిన చోట ఒక కిటికీ తెరచినట్లు.

ఆఫ్‌సెట్‌ను బైట్లలో ఇవ్వాలి, సెక్టార్లలో కాదు. నేటి డిస్కులలో మొదటి పార్టిషన్ తరచుగా 2048వ సెక్టారు వద్ద మొదలవుతుంది: 2048 × 512 = 10,48,576. మరీ పాతవాటిలో 63 × 512 = 32,256. మేము తొలుత ఉత్త 2048 అని ఇచ్చి, ఏమీ కనబడక ఒక పూట వృథా చేసుకున్నాము.

ఆరంభస్థానమే తెలియకపోతే గుర్తును వెదకాలి. ఎక్స్‌ట్4 పార్టిషన్ మొదటినుండి 1080 బైట్ల దూరంలో 53, ఈఎఫ్ అనే రెండు బైట్లుంటాయి. గ్రంథాలలో దీనిని ఈఎఫ్53 అని వ్రాస్తారు; డిస్కుపై మాత్రం వెనుకది ముందు. కుడినుండి ఎడమకు చదివే మన ఉర్దూ విద్యార్థులకు ఇది వింతగా తోచదు! ఈ గుర్తు నకళ్ళలోనూ, కాకతాళీయంగా ఇతర చోట్లనూ కనిపించవచ్చును గనుక తెరచి చూస్తే తప్ప నమ్మరాదు.

అన్నింటికంటె ముఖ్యం, డిస్కుపై ఏమీ వ్రాయకుండుట. మౌంట్ చేసేటప్పుడు రీడ్-ఓన్లీ అన్నంత మాత్రాన చాలదు; ఎక్స్‌ట్4 తన జర్నల్‌లో మిగిలిన పనిని పూర్తిచేయబూని డిస్కుపై వ్రాయవచ్చును. కనుక లూప్‌నే రీడ్-ఓన్లీగా ఏర్పరచి, మౌంట్‌కు నోలోడ్ అనే సూచన చేర్చాలి. డిస్కు టకటక శబ్దం చేస్తున్నా, చదువుతూ ఆగిపోతున్నా దానితో ఈ ప్రయోగాలు పనికిరావు. ముందుగా డీడీరెస్క్యూతో వేరొక డిస్కుపై ప్రతి తీసి, లూప్‌ను ఆ ప్రతిపై పెట్టాలి.

మా డిస్కు అంత దుస్థితిలో లేదు. సరియైన ఆఫ్‌సెట్ ఇవ్వగానే ఫోల్డర్ల పేర్లు వరుసగా కనిపించాయి. రచనలను వేరొక డిస్కులోనికి ఎక్కించి, ఒక్కొక్కటి తెరచి సరిచూచుకొన్న తరువాతనే లూప్‌ను తొలగించాము. ఆ పట్టికను ఇంతవరకు బాగుచేయలేదు, అవసరం కలుగలేదు.