మహా విక్రయశాలలో కొలువు: తలిదండ్రులకొక పాఠము

ప్రతి సంవత్సరము పరీక్షాఫలితములు వెలువడిన పిమ్మట మా విద్యార్థులు రెండు త్రోవలు పట్టుచుందురు. కొందరు కళాశాలలకు పోవుదురు. కొందరు ఇంటి పరిస్థితులనుబట్టి వెంటనే సంపాదనకు పూనుకొందురు. చెన్నపట్నమున త్యాగరాయనగరపు పెద్ద బట్టల దుకాణములును, డిపార్టుమెంటు స్టోర్లును వీరికి మొదట కనబడు ద్వారములు. కళాశాలకు పోవువారిని గూర్చి మన సంచికలలో తరచుగా వ్రాయుచునే యున్నాము. అంగడిలో నిలువబోవువారిని గూర్చి వ్రాయుట అరుదు. ఆ లోపమును కొంత తీర్చుటకై, ఇంటర్వ్యూలకు పోయివచ్చిన మా పూర్వవిద్యార్థులు చెప్పిన సంగతులను, వారి వెంట పోయి మేము స్వయముగా చూచిన వానిని ఇచ్చట పాఠరూపమున కూర్చుచున్నాము.

1. అంగడి స్వభావము

మన తాతల కాలమున బట్టల వర్తకుడు చాపపై తానులు పరచి ధర చెప్పెడివాడు. కొనువాడు సగమునకు అడిగెడివాడు. బేరమాడు నేర్పే అమ్మువాని విద్య. డిపార్టుమెంటు స్టోరు ఈ పద్ధతిని మార్చినది. పారిస్ నగరమున 1852లో ‘బాన్ మార్షే’ అను దుకాణమున భాగస్వామిగా చేరిన ఆరిస్టీడ్ బూసికో, ప్రతి వస్తువునకు ఒకే ధర నిర్ణయించి చీటీ కట్టించి, కొనకపోయినను లోనికి వచ్చి చూచిపోవు స్వేచ్ఛ జనులకు కల్పించిన వారిలో ప్రముఖుడు. ఆ పద్ధతియే క్రమముగా దేశదేశములకు వ్యాపించెను. బొంబాయిలో 1991లో మొదలైన ‘షాపర్స్ స్టాప్’ మన దేశమున ఈ తరహా అంగళ్లలో పేరెన్నిక గన్నది.

ధర ముందే నిర్ణయమైనప్పుడు అమ్మువానికి మిగిలిన పని యేమి? వస్తువును తెలిసికొని చూపుట, ఓపికతో వినుట, నిజము చెప్పుట. ఇంటర్వ్యూలో పరీక్షింపబడునవి ఈ మూడే. ఈ మాట గ్రహించినచో తక్కిన పాఠమంతయు సులభమగును.

2. ఇంటర్వ్యూ జరుగు తీరు

మొదట ఒక ఫారము ఇత్తురు. పేరు, చిరునామా, చదువు, తెలిసిన భాషలు అందు వ్రాయవలెను. పిమ్మట సూపర్‌వైజరు పిలిచి కొన్ని ప్రశ్నలు వేయును. కొన్ని చోట్ల ఒక చీరనిచ్చి మడత పెట్టుమందురు. చివరకు మేనేజరు మాటలాడును.

లెక్క తప్పక యుండును. మా విద్యార్థి యొకని నడిగిన ప్రశ్న యిది: “1,250 రూపాయల చీరకు 20 శాతము తగ్గింపు, ఆపైన మరి 10 శాతము. కొనువారు చెల్లించునది ఎంత?” కుఱ్ఱవాడు రెంటిని కూడి 30 శాతము తీసివేసి 875 అనెను. అది తప్పు. మొదటి తగ్గింపుతో 1,000 అగును; దానిపై 10 శాతము పోగా 900. తేడా 25 రూపాయలే కావచ్చును. కాని కొనువారు తమకు 875 అని తోచి వాదమునకు దిగినప్పుడు, కోపము లేక వివరింపగలవాడే బిల్లుబల్లయొద్ద నిలువగలడు.

కొలతలును అట్టివే. పెద్దవారు ఇప్పటికిని గజములలో అడుగుదురు. బట్ట కొలుచునది మీటరు. గజము 0.9144 మీటరు. రెండున్నర గజములనగా 2.286 మీటర్లు. ఇది తెలిసిన పిల్ల తడుముకొనదు.

ఒక ప్రశ్న మాత్రము పలుచోట్ల వినవచ్చినది. “ఒకామె ఇరువది చీరలు తీయించి, ఏదియు కొనక లేచిపోయినది. నీవేమి చేయుదువు?” ఒకడు “ఇంకా మంచివి చూపిస్తానండీ” అనెను. మరియొకతె కొంచె మాలోచించి, “మళ్ళీ రండమ్మా అని చెప్పి, చీరలు మడత పెట్టుకుంటానండీ” అనెను. ఆమెకు ఉద్యోగము దొరకినది. ఆమె ఆ జవాబును కంఠస్థము చేసి పోలేదు; వాళ్ల అమ్మ ఇంటింటికి తిరిగి చీరలమ్మునప్పుడు చూచినదే చెప్పినది.

3. తండ్రి జవాబు చెప్పిన ఇంటర్వ్యూ

ఒక తండ్రిగారు కుమారునితో లోనికి వచ్చిరి. “నీ పేరేమి?” అని మేనేజరు అడుగగా తండ్రి చెప్పిరి. “ఎంతవరకు చదివినావు?” అనగా మరల తండ్రియే చెప్పిరి. “మావాడు చాలా నెమ్మదస్థుడండీ, ఎదురు మాట్లాడడు” అనికూడ చేర్చిరి. మేనేజరు నవ్వి, “అయ్యా, మీరు చెప్పింది నిజమే అయి ఉంటుంది. కాని రేపు కౌంటరు దగ్గర నిలబడేది అబ్బాయి కదా!” అనెను. బాలుడు తల వంచుకొని యుండెను. ప్రేమచేతనే ఆయన అట్లు చేసిరి. అయినను పిల్లల మాటను మనము పలుకుచున్నంతకాలము వారికి మాట రాదు. వాకిటివరకు తోడు పోవలెను. లోపలికి వారినే పంపవలెను.

4. వ్రాయకుండ విడిచిన భాష

ఇది చెప్పుటకే మేము ముఖ్యముగా ఈ వ్యాసమునకు పూనుకొంటిమి. మా విద్యార్థిని యొకతె ఫారములో తెలిసిన భాషలు తమిళము, ఆంగ్లము అని వ్రాసి, తెలుగును విడిచిపెట్టినది. ఇంటర్వ్యూ బాగుగనే జరిగెను. పిలుపు మాత్రము రాలేదు. కొన్నాళ్లకు ఆ దుకాణపు అధికారి యొకరు మాకు తారసపడి యిట్లనిరి: “ముహూర్తాల రోజుల్లో నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి కుటుంబాలు కుటుంబాలే వస్తాయండి. పట్టుచీరల అంతస్తులో తెలుగు వచ్చినవాళ్ళ కోసం వెదుకుతూనే ఉంటాం. ఆ అమ్మాయి వ్రాయలేదు, మాకెలా తెలుస్తుంది?”

బాలిక నడిగితిమి. “నాన్న వ్రాయవద్దన్నారండీ. పరాయివాళ్ళమనుకుంటారన్నారు” అని చెప్పినది. ఆ తండ్రిని మేము నిందింపము. కాని ఆ పేట పేరే తెలుగువారైన సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారిది (1852–1925). నడుమనున్న పానగల్ పార్కు, 1921 మొదలు 1926 వరకు మద్రాసు రాజధానికి ప్రథమ మంత్రిగా నుండిన పానగల్లు రాజా రామరాయణింగారి పేరిట వెలసినది. అట్టిచోట తెలుగు వచ్చునని వ్రాయుటకు జంకనేల?

తెలుగు వచ్చుట యనగా పలుకరింపు మాత్రమే కాదు. పెండ్లివారు “మధుపర్కాలు చూపించమ్మా” అందురు. అవి వధూవరులు పీటలపై ధరించు తెల్లని వస్త్రములని తెలియని పిల్ల ఏ బీరువా తెరచును? “పెట్టుబడి చీరలు కావాలి” అందురు. బంధువులకు పెట్టుటకై కొను చీరలని ఇంటిలో విన్న పిల్లకే తెలియును. నిఘంటువు చూచినవారు వ్యాపారపు మూలధన మనుకొందురు! ఈ మాటలు ఏ తరగతిలోను చెప్పబడవు. వానిని నేర్పినది మీ ఇల్లు. తెలుగును పరీక్షకొక పాఠ్యవిషయముగా మాత్రమే బోధించిన దోషము మాయందును కలదని ఒప్పుకొనుచున్నాము.

ఇందుచే తమిళము తక్కువయని మేమనుట లేదు. ఇచ్చటి అంగడిలో ఇచ్చటి భాష చక్కగా రావలెను, అది న్యాయము. రెండును వచ్చినవాడు ఒక భాష వచ్చినవానికంటె పేదవాడెట్లగును?

5. మనము అడుగవలసినవి

ఇంటర్వ్యూ అనగా వారు మనలను చూచుట మాత్రమే కాదు. మనమును వారిని చూడవలెను. నెలజీతమెంత, అందు కోతలేమి, వారపు సెలవు ఏ దినము, రాత్రి ఎన్ని గంటలకు విడిచెదరు, నియామక పత్రము ఇత్తురా అని వినయముగా అడుగుట తప్పు కాదు. 1947 నాటి తమిళనాడు దుకాణముల, సంస్థల చట్టము ప్రకారము సాధారణముగా దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు పనివేళకు హద్దు. వెనుక ఈ అంగళ్లలో ఉద్యోగులు దినమంతయు నిలిచియే యుండవలసి వచ్చెడిది. కేరళము 2018లోను, తమిళనాడు 2021లోను చట్టములను సవరించి, అవకాశము దొరికినప్పుడు కూర్చుండుటకు ఆసనము లుండవలెనని విధించినవి. ఇంటర్వ్యూకు పోయినప్పుడు కౌంటర్ల వెనుక పీటలున్నవో లేవో కన్నెత్తి చూచిరండు. ఆ చూపు చాల సంగతులు చెప్పును.

అసలు సర్టిఫికెట్లను ఎవరికిని అప్పగింపరాదు. మా యెరుకలో ఒక కుఱ్ఱవాడు వానిని దుకాణమున ఉంచి, మరుసటి సంవత్సరము కళాశాలలో చేరగోరినప్పుడు తిరిగి పొందుటకు పలుమారులు తిరుగవలసి వచ్చి, గడువు దాటిపోయెను. అసలు చూపి, నకలు ఇచ్చి రావలెను.

6. ఇంట అభ్యాసము

రాత్రి భోజనములైన పిమ్మట పావుగంట చాలును. తల్లి కొనవచ్చినదిగాను, బిడ్డ అమ్మునదిగాను కూర్చుండుడు.

(1) ఇంటనున్న ఒక చీర అంచు, కొంగు, నేత గూర్చి బిడ్డ తెలుగులో చెప్పి, తరువాత తమిళములో చెప్పవలెను.
(2) 960 రూపాయల చొక్కాకు 25 శాతము, ఆపైన 10 శాతము తగ్గింపు పోగా ఎంత? (జవాబు: 648)
(3) ఇష్టము లేనట్లు పదిమార్లు “వద్దు” అనుడు. బిడ్డ ముఖము మారునేమో చూడుడు.
(4) “ఈ పని నీకేల?” అని అడుగుడు. “వేరే దొరకలేదు” అను జవాబు వచ్చినచో, కోపపడక, తనకు చేతనైన దొక్కటి చెప్పుమనుడు.
(5) తెలిసిన భాషల పట్టికను బిడ్డచేతనే వ్రాయింపుడు. మొదటి మాట తెలుగు కావలెను.

పైన చెప్పిన బాలిక మరుసటి సంవత్సరము వేరొక దుకాణమునకు పోయెను. ఈ మారు ఫారమును తండ్రిగారే ప్రక్కన కూర్చుండి పూర్తి చేయించిరి. ఇప్పుడామె పట్టుచీరల అంతస్తులో పనిచేయుచున్నది. మొన్న మా పాఠశాలకు వచ్చినప్పుడు, “తెలుగులో పలకరిస్తే వాళ్ళ ముఖాలు విప్పారుతాయి మాష్టారూ” అని చెప్పినది. తలిదండ్రులారా, మేము మీకు చెప్పదలచినదియు అదియే.