పాత గ్రామఫోను పాట

మొన్న తరగతిలో మేము 1917వ సంవత్సరపు ఆంగ్ల నాటకపు పాట నొకదానిని వినిపించితిమి. వినగానే ఒక బాలుడు “అయ్యా, ఈమె నూతిలో నిలిచి పాడుచున్నదా?” అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. కాని యా ప్రశ్న మంచి ప్రశ్న. దాని సమాధానమే నేటి పాఠము.

ఆ పాట “ది మెయిడ్ ఆఫ్ ది మౌంటెన్స్” అను సంగీత హాస్యనాటకములోనిది. మాటలు, పాటలు, నృత్యము, పరిహాసము కలసిన వినోద నాటకమునకు ఆ పేరు. 1917 ఫిబ్రవరిలో లండను నగరమందలి డేలీస్ నాటకశాలలో నారంభమై యిది 1,352 మారులు ప్రదర్శింపబడెను. నాయిక జోసే కాలిన్స్. అది మొదటి ప్రపంచ యుద్ధకాలము. సెలవుపై వచ్చిన సైనికులు ఒక రాత్రి యీ పాటలు విని మరల యుద్ధభూమికి పోవుచుండిరి. పలువురు తిరిగి రాలేదు.

ఈ పాటలను కొలంబియా సంస్థ రికార్డులపై నెక్కించెను. అప్పటికి ఆ పనికి మైక్రోఫోను వాడుకలో లేదు. గాయని యొక పెద్ద బాకా యెదుట నిలిచి గట్టిగా పాడవలెను. ఆ ధ్వని బాకా చివరనున్న పలుచని పొరను కదలించును. పొరకు తగిలించిన సూది తిరుగుచున్న మైనపు పళ్లెముపై గాడి గీయును. దానినుండి లోహపు అచ్చు తీసి లక్కతో రికార్డులు వత్తుచుండిరి. ఆ లక్కలో నధికభాగము మన దేశమునుండియే పోవుచుండెను. మిక్కిలి తారమైన ధ్వనులును, మిక్కిలి మంద్రమైన ధ్వనులును ఆ గాడిలో సరిగా పడవు. నూతిలోని గొంతువలె వినబడుటకు హేతువిదియే. 1925లో విద్యుత్పద్ధతి వచ్చిన పిదప నీ లోపము చాలవరకు తీరెను.

మరియు పన్నెండంగుళముల రికార్డు ఒక ప్రక్క సుమారు 4 నిమిషములే పాడును. దీపకాంతి, వేషములు, ప్రేక్షకుల కరతాళములు అందులో లేవు. నాటకమును చూచినవారికి ఆ కొరతను జ్ఞాపకమే తీర్చును. మన వృద్ధులు పాత నాటక పద్యముల రికార్డు విని కన్నులు మూసికొనుటయు నిందుకే.

డేలీస్ నాటకశాలను 1937లో పడగొట్టిరి; ఆ స్థలమున సినిమాశాల వెలసెను. జోసే కాలిన్స్ 1958లో మరణించెను. గాడిలోని గొంతు మాత్రము మిగిలెను.

కావున మీ యింట పాత రికార్డు మ్రోగినపుడు ఆ గీరుచప్పుడునకు నవ్వకుడు. ప్రక్కనున్న పెద్దలను “దీనిని మీరు మొదట నెక్కడ వింటిరి?” అని యడుగుడు. రికార్డులో పట్టనిది వారు చెప్పుదురు. దానిని ఒక పుటలో వ్రాసి యుంచుడు. వారి జ్ఞాపకములకు అచ్చు తీసినవారు వేరెవ్వరును లేరు.