సీసా నిండుగానే ఉంది

మేనల్లుడా,

మెకానిక్ షెడ్డులో చేరి మూడు నెలలైనా పాత బండ్ల ఐడిలింగ్ గొడవ నీకు అంతు చిక్కడం లేదని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఒక మాస్టారి మారుతి 800 సంగతి విను. చాలా ముడులు అందులోనే విడిపోతాయి.

అది 2003 మోడల్, కంప్యూటర్ కొలిచి పెట్రోలు చిమ్మించే ఎంపీఎఫ్ఐ. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిన్. పొద్దున స్టార్ట్ చేస్తే బాగానే ఉండేది. పది కిలోమీటర్లు పోయి రైలు గేటు దగ్గర ఆగేసరికి ఐడిలింగ్, అంటే నిలబడ్డ బండిలో ఇంజిన్ తిరిగే వేగం, ఎక్కుతూ దిగుతూ ఊగేది, ఒక్కోసారి ఇంజిన్ ఆగిపోయేది. హీట్ ముల్లు కూడా పైకి పాకేది. గేటు తీసి బండి కదిలితే రెండూ సర్దుకునేవి. మొదటి షెడ్డులో థ్రాటిల్ స్క్రూ తిప్పి ఐడిల్ పెంచారు. రెండో షెడ్డులో థర్మోస్టాట్ తీసి పక్కన పెట్టారు. డబ్బు ఖర్చయింది, జబ్బు అలాగే ఉంది.

మూడో మెకానిక్ పెద్ద వయసువాడు. రాగానే పానా పట్టుకోలేదు. బండిని నీడలో పెట్టి గంటన్నర చల్లారనిచ్చాడు. రేడియేటర్ పై గొట్టాన్ని చేత్తో నొక్కి, లోపల ఒత్తిడి లేదని తేలాకే మూత మీద మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పాడు. పక్కనున్న కూలెంట్ సీసా గీత దాకా నిండుగా ఉంది. రేడియేటర్లో మాత్రం చూపుడు వేలు మొత్తం దించినా తడి తగల్లేదు.

అసలు కిటుకు ఇక్కడుంది. నీళ్లు వేడెక్కితే పెరుగుతాయి. మూతలోని స్ప్రింగు కొంత ఒత్తిడి దాకా ఆపి, ఆపైన ఎక్కువైన నీళ్లను సీసాలోకి వదులుతుంది. ఇంజిన్ చల్లారాక మూత మధ్యనున్న చిన్న వాల్వు తెరుచుకుని ఆ నీళ్లు వెనక్కి రావాలి. మాస్టారి బండి మూతకున్న రబ్బరు వాషరు ఎండిపోయి బీటలు వారింది. చల్లారినప్పుడల్లా ఆ బీటల్లోంచి గాలి లోపలికి పోయింది, నీళ్లు సీసాలోనే ఉండిపోయాయి. సీసా నిండాక మిగిలినవి రోడ్డు పాలయ్యాయి. అయినా సీసా చూసినవాళ్లందరూ నీళ్లున్నాయనే అనుకున్నారు.

ఒత్తిడి పట్టి ఉంచడం కూడా ఆ మూత పనే. 0.9 బార్ ఆపే మూత ఉంటే 100 డిగ్రీల దగ్గర మరగాల్సిన నీళ్లు సుమారు 118 డిగ్రీల దాకా మరగవు.

మరి ఐడిలింగ్ ఎందుకు ఊగింది? ఇంజిన్ ఎంత వేడిగా ఉందో కంప్యూటర్‌కు చెప్పేది కూలెంట్ సెన్సర్. దాని మొన నీళ్లలో మునిగి ఉండాలి. చుట్టూ గాలి చేరితే ఒకసారి ఒక లెక్క, మరోసారి ఇంకో లెక్క చెబుతుంది. ఆ మాట నమ్మి కంప్యూటర్ పెట్రోలు, గాలి పాళ్లు మారుస్తూ పోతుంది. అప్పుడు స్క్రూ తిప్పితే జ్వరమొచ్చిన బిడ్డకు మందు వేయకుండా థర్మామీటర్ మార్చినట్టు.

థర్మోస్టాట్ తీసేయడం మన షెడ్లలో పాతుకుపోయిన తప్పు. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్లోకి పోనివ్వకుండా ఆపేది అదే, అది లేకపోతే ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, ఆ సేపంతా పెట్రోలు ఎక్కువ కాలుతుంది. దాన్ని గిన్నెలో నీళ్లలో వేసి కాచి చూడు. దాని మీద అచ్చు వేసిన డిగ్రీల దగ్గర, మామూలుగా 82 లేదా 88, తెరుచుకోవడం మొదలైతే మంచిదే.

రేడియేటర్లో నీళ్లు నిండుగా ఉన్నా బండి నిలబడ్డప్పుడే వేడెక్కితే ఫ్యాన్ ఫ్యూజు, రిలే, మోటారు చూడు. హైవే మీద పరుగెత్తేటప్పుడు వేడెక్కితే రేడియేటర్ పూడిందేమో చూడు. నల్లగొండ, ప్రకాశం వైపు బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లపొర చూశావు కదా, రేడియేటర్ సన్న గొట్టాల్లో కట్టేదీ అదే. వేడి సరిగ్గా ఉండి ఐడిలింగ్ ఒక్కటే ఊగుతుంటే ఎండిన వ్యాక్యూమ్ గొట్టాల దగ్గర బుస్సుమనే చప్పుడు కోసం చెవి పెట్టు.

మాస్టారి బండికి కొత్త మూత పెట్టారు, థర్మోస్టాట్ బిగించారు, స్క్రూను పాత చోటికి తెచ్చారు. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోశారు. మూత తీసే ఉంచి, ఇంజిన్ నడుపుతూ గొట్టాలు పిసికి, బుడగలు ఆగేదాకా ఓపిగ్గా గాలి తీశారు. ఎంతసేపటికీ బుడగలు ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఇక్కడ ఆగాయి. ఆ సాయంత్రం అదే గేటు దగ్గర ఇంజిన్ ఊగకుండా నడిచింది, ముల్లు సగం దాటలేదు.

వేడి మీదున్న మూత మాత్రం ఎన్నడూ తిప్పకు. మరిగే నీళ్లు మొహాన కొట్టి కాలినవాళ్లు ఉన్నారు. రేపు పొద్దున షెడ్డు తెరవగానే, రాత్రంతా చల్లారిన బండి మూత తీసి, వేలు పెట్టి చూసి, ఏం కనబడిందో నాకు రాయి.

నీ మామయ్య