ఒక ఆట, ఐదు యంత్రములు
(తొమ్మిది, పది తరగతుల వారికి విమర్శన పాఠము)



గత మాసమున తొమ్మిదవ తరగతివారికి “నాకు నచ్చిన యొక కృతిని గూర్చి విమర్శ” అను వ్యాసమును వ్రాయుడని యిచ్చితిని. పలువురు కథలను గ్రహించిరి. కొందరు చలనచిత్రములను గ్రహించిరి. ఒక బాలుడు మాత్రము బాస్కెట్‌బాల్ వీడియో ఆటను గూర్చి మూడే వాక్యములు వ్రాసి యిచ్చెను. “ఈ ఆట మా మామగారి యింట పెద్ద తెరమీద బాగుగా నున్నది. మా యింట ఫోనులో బాగుగా లేదు. కావున ఈ ఆట కొంచెము మంచిది, కొంచెము చెడ్డది.”

తరగతి యంతయు నవ్వినది. నేనును నవ్వితిని. ఇంటికి పోయి ఆలోచింపగా ఆ నవ్వు తగనిదని తోచినది. ఏలయన, విమర్శయందలి మిక్కిలి కఠినమైన ప్రశ్న నొకదానిని ఆ బాలుడు తెలియకయే తాకినాడు. మనము తీర్పు చెప్పవలసినది కృతిని గూర్చియా, అది నింపబడిన పాత్రను గూర్చియా? ఈ ప్రశ్నను పరిశీలించుటకై అట్టి ఆటనే యొకదానిని నేటి పాఠముగా గ్రహించుచున్నాను. దాని పేరు “ఎన్.బి.ఏ. జామ్”.

1. ఆట పుట్టుక

అసలు బాస్కెట్‌బాల్ 1891 వ సంవత్సరమున అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయునిచే కల్పింపబడినది. చలికాలమున బయట ఆడరాని విద్యార్థులకొరకు ఆయన పండ్ల బుట్టలను ఎత్తున కట్టించి బంతిని వానిలో వేయించెను. మన బడి ఆవరణమునందు ఇనుప కడియమునకు వల వ్రేలాడుచున్నది గదా. దాని పూర్వరూప మా బుట్టయే.

నూరేండ్లు దాటిన పిమ్మట, 1993 లో, మిడ్‌వే అను సంస్థ ఈ క్రీడను నాణెములు వేసి యాడెడి పెద్ద యంత్రముగా వెలువరించినది. దానిని రూపొందించిన బృందమునకు ముఖ్యుడు మార్క్ టర్మెల్. నిజమైన క్రీడలో పక్షమునకు ఐదుగురు, ఇందు ఇద్దరే. నిజమైన క్రీడలో మనుష్యుడు కొలది అడుగులు ఎగురును. ఇందు ఆకాశమున కెగిరి, గిరగిర తిరిగి, బంతిని వలలో కొట్టును. ఒకే ఆటగాడు వరుసగా మూడుమార్లు బంతిని వేసినచో బంతికి నిప్పంటుకొనును. అటుపై అతని గురి తప్పుట అరుదు. టిమ్ కిట్జ్రో అను నటుని కంఠము ప్రతి ఘట్టమును కేకలతో వర్ణించుచుండును. నలుగురు ఒకే యంత్రము ముందు నిలిచి ఒకేసారి ఆడవచ్చును.

ఈ యాటలో కనబడువారు అమెరికా జాతీయ బాస్కెట్‌బాల్ సంఘపు నిజమైన ఆటగాండ్రు. వారి పేర్లను, ముఖములను వాడుకొనుటకు సంఘము మొదట సంశయించినది. నాణెముల యాటశాలలు మంచి చోట్లు కావని వారి భయము. అట్టి చోట్ల కుటుంబములు వచ్చునవియు కలవని చూపిన మీదటనే అనుమతి లభించినది. తల్లిదండ్రులకు గలిగెడి సంశయము పెద్ద సంఘములకును గలుగునని దీనివలన తెలియుచున్నది. మొదటి సంవత్సరముననే ఆ యంత్రములలో నూరు కోట్ల డాలర్ల విలువగల నాణెములు పడినవని ఆ యాట చరిత్రను వ్రాసినవారు చెప్పుదురు.

2. ఇంటికి వచ్చిన ఆట

ఆటశాలలోని యంత్రము బీరువా యంతటిది. దానిని ఇంటికి తెచ్చుట యెట్లు? ఇంటిలోని చిన్న యంత్రములకు తగినట్లు ఆటను తిరిగి వ్రాయవలెను. 1994 మార్చి 4 వ తేదీన అక్లెయిమ్ అను సంస్థ ఇంటి ప్రతులను విడుదల చేసినది. ఆ సంవత్సరమున ఐదు యంత్రములపై ఈ యాట కనబడినది. వాని శక్తిని గమనింపుడు.

సూపర్ నింటెండో : టెలివిజనుకు కలుపునది. ఒకేసారి 256 రంగులను చూపగలదు. ధ్వని స్పష్టము.

సెగా జెనెసిస్ : ఇదియు టెలివిజనుకు కలుపునదే. ఒకేసారి చూపగల రంగులు 64 కు మించవు. ధ్వని కొంత బొంగురు.

సెగా సీడీ : జెనెసిస్‌కు తగిలించెడి యంత్రము. సంగీతము మేలైనది, కాని బిళ్ళనుండి ఆటను ఎక్కించుకొనునంతవరకు ఆడువాడు వేచియుండవలెను.

గేమ్ గేర్ : అరచేతులలో పట్టుకొనునది. తెరకు అడ్డముగా 160, నిలువుగా 144 చుక్కలు. ఒకేసారి 32 రంగులు.

గేమ్ బాయ్ : ఇదియు చేతియంత్రమే. చుక్కల సంఖ్య పైదానితో సమానము. రంగులు లేవు, వెలుగునుండి చీకటివరకు నాలుగు ఛాయలు మాత్రమే కలవు.

ఆట పేరొక్కటే, నియమము లొక్కటే. అయినను చిత్రకారు డొకడు 256 రంగులతో వ్రాసిన పటమును మరియొకడు నాలుగు ఛాయలతో వ్రాయవలసి వచ్చినట్లు ఈ పని యైనది.

3. విమర్శకులు ఏమనిరి?

ఆనాటి ఆటల పత్రికలు టెలివిజనుకు కలిపెడి రెండు ప్రతులను మిక్కిలి మెచ్చుకొన్నవి. ఆటశాలలోని వేగము, హాస్యము, నలుగురు కూడి యాడెడి సంతోషము ఇంటికిని వచ్చినవని వారి యభిప్రాయము. నలుగురు ఆడుటకు అదనముగా నొక కలుపుడు పరికరమును కొనవలసి వచ్చినను, ఆ సంతోష మా వ్యయమునకు తగినదే యనిరి. ఆ రెంటిలో రంగులకును ధ్వనికిని సూపర్ నింటెండో ప్రతి మేలని పలువురి మాట.

చేతియంత్రముల ప్రతులకు అంతటి ఆదరణము లభింపలేదు. చిన్న తెరపై ఆటగాండ్రు మసకబారిరి. కేకలు, వర్ణనలు తగ్గిపోయినవి. అన్నిటికంటె ముఖ్యముగా, నలుగురు భుజములు తగిలించుకొని ఒక తెరముందు కూర్చుండుట అచట సాధ్యము కాదు.

ఇచట మన బాలుని మూడు వాక్యములను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. అతడు చెప్పినదియు, పత్రికలు చెప్పినదియు మొత్తముమీద ఒక్కటే. భేద మెచట? పత్రికలవారు “బాగుగా లేదు” అని ఊరకుండలేదు. ఏది పోయినదో, అది యెందుచేత పోయినదో చెప్పిరి. అభిప్రాయమునకును విమర్శకును గల దూర మదియే.

మన తోలుబొమ్మలాటను దృష్టాంతముగా గ్రహింపుడు. రామాయణకథను హరికథగా వినవచ్చును, రంగస్థలముపై చూడవచ్చును, తెరవెనుక దీపపు వెలుగున తోలుబొమ్మలుగా చూడవచ్చును. బొమ్మకు కన్నీరు రాదని తోలుబొమ్మలాటను నిందించువాడు విమర్శకుడు కాడు. కాని దీపము చాలక బొమ్మ కనబడకున్నచో, ఆడించువాని చేయి జాగుచేసినచో, ఆ దోషమును చెప్పక విడుచువాడును విమర్శకుడు కాడు. కావున ప్రతి ప్రతిని గూర్చియు మూడు ప్రశ్నలు వేయవలెను. ఈ పాత్రకు స్వభావసిద్ధమైన హద్దు ఏది? ఆ హద్దులోపల చేయగలిగినదంతయు చేసిరా? మూలమునందలి ప్రాణము నిలిచినదా?

ఇంకొక విశేషము. ఈ యాటను 2010 లో ఈ.ఏ. అను సంస్థ క్రొత్తగా నిర్మించినది. ముందుగా నింటెండో వీ యంత్రముపై వచ్చినది; పిమ్మట ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 యంత్రములపై వచ్చినది. వీ ప్రతిలో చేతికర్రను పైకెత్తి దింపి బంతిని వలలో కొట్టవచ్చును. తక్కిన రెంటిలో దూరపు ఊళ్ళవారితో అంతర్జాలముద్వారా ఆడవచ్చును. వీ ప్రతిలో ఆ సౌకర్యము లేదు. ఆ లోపమును విమర్శకులు ఎత్తిచూపిరి. 1994 లో ముఖ్యము కాని ప్రశ్న 2010 లో ముఖ్యమైనది. కాలము మారినకొలది విమర్శకుని ప్రశ్నలును పెరుగును.

4. కంటికి కనబడని పక్షపాతము

రంగులను, ధ్వనిని చూచి తీర్పు చెప్పుట సులభము. కాని ఆట గర్భమున దాగినది యొకటి కలదు.

మార్క్ టర్మెల్ మిచిగన్ రాష్ట్రమువాడు. ఆ రాష్ట్రములోని డెట్రాయిట్ పిస్టన్స్ జట్టు అతనికి ప్రియమైనది. ఆ జట్టునకు షికాగో బుల్స్ జట్టుతో గట్టి పోటీ. ఆటను చేసిన చాల సంవత్సరములకు అతడే యొక రహస్యమును చెప్పెను. ఈ రెండు జట్లు తలపడి, లెక్క దగ్గరగా నుండి, చివరి క్షణమున షికాగోవారు బంతిని వేసినచో, అది గురితప్పునట్లు ఆటలో ప్రత్యేకముగా వ్రాసితిమని యొప్పుకొనెను. నాణెము వేసి, చెమటోడ్చి, చివరి క్షణమున ఓడిన పిల్లలు తమ చేతినే నిందించుకొనియుందురు. తప్పు చేతిది కాదు.

అట్టి పక్షపాతమును కనిపెట్టు టెట్లు? లెక్కించుటవలన. చివరి క్షణమున ఒక జట్టుచేత ఇరువదిమార్లు, ఎదుటి జట్టుచేత ఇరువదిమార్లు బంతిని వేయించి, ఎన్ని పడినవో పుస్తకమున వ్రాసికొన్నచో సత్యము మెల్లగా బయటపడును. యంత్రము తనంతట పక్షపాతము చేయదు. దానికి నియమము వ్రాసిన మనుష్యుడు చేయును. ఆటలు మాత్రమే కాదు, మీరు పెద్దవారైన పిమ్మట మీ యర్జీలను, మార్కులను లెక్కగట్టెడి యంత్రములును మనుష్యులు వ్రాసినవే. ఈ మాటను మరువకుడు.

5. ఆ బాలుని రెండవ ప్రశ్న

ఈ పాఠమును తరగతిలో చెప్పినదినమున ఆ బాలుడు గంట కొట్టిన తరువాతను పోలేదు. బల్లయొద్ద నిలిచి మెల్లగా నడిగెను. “అయ్యవారూ! మన తెలుగు సైన్సు పుస్తకము కూడ చిన్న యంత్రపు ప్రతియేనా? ప్రక్క తరగతివారి పుస్తకము అసలు ప్రతియా? వచ్చే యేట నన్ను ఆ తరగతికి మార్చెదనని మా నాయన అంటున్నాడు.”

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. నేను ఉపాధ్యాయ శిక్షణము పొందినది పొరుగు రాష్ట్రమున. అచట పుస్తకము, గోడమీది ప్రకటన, బస్సు పలక అన్నియు తెలుగే. ఇట్టి ప్రశ్న నడిగెడి పిల్లవాడు లేడు. సరిహద్దు బడికి వచ్చిన తరువాతనే ఈ ప్రశ్నకు ఎంత బరువున్నదో తెలిసినది.

మరునాడు తరగతి ముందు ఇట్లు బదులు చెప్పితిని. మన పుస్తకమునందు దోషములు కలవు. కొన్ని వాక్యములను మూడుమార్లు చదివినను నాకే అర్థము కాలేదు. దానిని దాచుట న్యాయము కాదు. కాని మన మూడు ప్రశ్నలను వేసి చూడుడు. గేమ్ బాయ్ తెరకు నాలుగు ఛాయలని కర్మాగారముననే నిర్ణయమైనది. ఐదవ ఛాయను ఎవ్వరును చేర్చలేరు. భాషకు అట్టి హద్దు లేదు. పదునొకండవ శతాబ్దమున నన్నయ సంస్కృత భారతమును తెలుగు చేయ బూనినప్పుడు, పిమ్మట తిక్కన, ఎర్రన దానిని పూర్తిచేసినప్పుడు, తెలుగునకు క్రొత్త రంగులు చేరినవి. కావున మన పుస్తకములోని లోపము పాత్రది కాదు, తొందరగా నింపినవారి చేతిది. చేతి లోపమును చేతితోనే దిద్దవచ్చును.

ఆ దినమునుండి తరగతిలో నొక పుస్తకమును మేకునకు వ్రేలాడదీసితిమి. అర్థము కాని వాక్యమును ఎడమ పుటలో వ్రాయవలెను. సైన్సు అయ్యవారి నడిగి తెలిసికొని, తేట తెలుగులో కుడి పుటలో వ్రాయవలెను. ఎడమ పుటలో నిట్టి వాక్యము కలదు : “పత్రహరితముచే గ్రహింపబడిన కాంతిశక్తి యొక్క సహాయమువలన నీటి అణువుల యొక్క విచ్ఛేదనము జరుపబడుచున్నది.” దాని కెదురుగా మన బాలుడే వ్రాసినది : “ఆకులోని పచ్చని పదార్థము ఎండను పట్టుకొనును. ఆ శక్తితో నీటి అణువు విడిపోవును.” ఇంతవరకు పదునొకండు వాక్యములైనవి.

6. తల్లిదండ్రులకు మనవి

మీ బిడ్డ ఆటముందు ఎంతసేపు కూర్చుండవలెనో నిర్ణయించు నధికారము మీది. దానికి నేను అడ్డురాను. ఒకటి మాత్రము కోరెదను. ఆట ముగిసిన తరువాత “ఏమి బాగున్నది? ఏమి బాగులేదు? ఎందుచేత?” అని ఇంటిభాషలో నడుగుడు. ఆ మూడు ప్రశ్నలకు బదులు చెప్పగల పిల్లవాడు ఏ పుస్తకమునైనను చదువగలడు. తరగతిని మార్చు విషయమును గూర్చియు ఈ ప్రశ్నలనే వేసికొనుడు. మార్చదగిన కారణము కనబడినచో మార్చుడు. “మనది చిన్నది” అను భయము మాత్రమే కనబడినచో ఒకమారు బడికి వచ్చి ఆ మేకునకు వ్రేలాడు పుస్తకమును చూచి పొండు.

ఆ బాలుడు వచ్చే యేట మా తరగతిలో నుండునో లేదో నే నెరుగను. పండ్రెండవ వాక్యమును దిద్దుటకు మాత్రము తన వంతు పుచ్చుకొనినాడు.

అభ్యాసము

1. అభిప్రాయమునకును విమర్శకును భేదమేమి? పాఠమునుండి ఒక ఉదాహరణ మిమ్ము.
2. చేతియంత్రపు ప్రతులలో పోయినవి ఏవి? వానిలో యంత్రపు హద్దువలన పోయినది ఏది?
3. చివరి క్షణపు పక్షపాతమును లెక్కవలన కనిపెట్టు విధమును నీ సొంత మాటలలో వ్రాయుము.
4. నీవు ఆడిన ఆటను గాని, చూచిన నాటకమును గాని గ్రహించి, మూడు ప్రశ్నలకు బదులుగా ఒక పుట వ్రాయుము. “బాగున్నది”, “బాగులేదు” అను మాటలను కారణము చెప్పక వాడరాదు.
5. నీ పాఠ్యపుస్తకములో అర్థము కాని వాక్యము నొకదానిని తేట తెలుగున వ్రాసి తెమ్ము.