మూత్రపిండముల పనిని కొలుచుట యెట్లు?



మన గుడ్లవల్లేరు ప్రాంతమున మురుగుకాల్వ గుఱ్ఱపుడెక్కతో పూడినయెడల చేలలో నీరు నిలుచును. నిలిచిన నీటిని చూచి రైతు కాల్వ పూడిక నెఱుగును. వైద్యుడును మూత్రపిండములను ఇట్లే పరీక్షించును.

ఆరోగ్యవంతుని మూత్రపిండములు నిమిషమునకు సుమారు 90 నుండి 120 మిల్లీలీటర్ల రక్తద్రవమును వడకట్టును. కండరములనుండి పుట్టు క్రియాటినిను అను మలినము మూత్రముతో వెడలిపోవును. వడపోత తగ్గినకొలది అది రక్తములో నిలిచి పెరుగును. దాని పరిమాణమును, వయస్సును, స్త్రీపురుష భేదమును బట్టి వడపోతను లెక్కింతురు. ఆ లెక్క మూడు మాసములకు పైగా 60కి లోబడియున్నచో దీర్ఘవ్యాధి యనియు, 15కు తగ్గినచో మూత్రపిండములు విఫలమైన వనియు నెంచుదురు.

కాని యొక చిక్కు కలదు. వడపోత సగమువరకు తగ్గినను క్రియాటినిను ఒక్కొక్కప్పుడు సాధారణముగనే కానవచ్చును. కండలు కరగిన వృద్ధులయం దది మఱింత మోసపుచ్చును. కావున మూత్రములో అల్బుమిను అను మాంసకృత్తు పోవుచున్నదేమో కూడ చూడవలెను.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానమునందును, ఏ. కొండూరు తండాలయందును అనేకులు ఈ వ్యాధిచే కృశించిరి. ఉద్దానపు వ్యాధికి మూలకారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. దీనికై పలాసలో 2023లో ఆసుపత్రియు పరిశోధనా కేంద్రమును తెఱవబడినవి.

తొలిదశలో ఈ వ్యాధికి నొప్పి యుండదు, కొలతయే హెచ్చరిక. మధుమేహము గాని రక్తపుపోటు గాని గల మీ తలిదండ్రులను ఏటేట ఈ రెండు పరీక్షలకు తోడ్కొని పొండు. తలిదండ్రులను సన్మానించుట యనగా ఇదియు నొకటి.