రెండవ స్థానమున నిలిచినవాని సాధన

ఏటేట ఆగస్టు మాసమున, పోటీలింకను మొదలుకాకమునుపే, అమెరికా విశ్వవిద్యాలయముల ఫుట్‌బాల్ మైదానములలో నడచు శిక్షణశిబిరములందు ఒక ప్రశ్న తక్కినవాటినన్నిటిని మించి వినబడుచుండును: ఈ యేడు తొలిపోటీలో క్వార్టర్‌బ్యాక్‌గా దిగువాడెవడు? పదునొకండుగురిలో బంతిని చేతబట్టి, ఎదుటిపక్షపు అమరికను రెప్పపాటులో చదివి, విసరుటయో, మరొకని చేతికిచ్చుటయో, తానే పరుగెత్తుటయో నిర్ణయించువాడతడే గావున ఆ స్థానము ఇద్దరికి చాలదు. ప్రాక్టీసులో ఎవరును వారిపై బడి పడద్రోయరాదని వారికి వేరు రంగు జెర్సీ తొడిగింతురు. బంతి చేరవలసినవానికి చేరినదా, నేలపాలైనదా, ప్రత్యర్థికి చిక్కినదా అని కోచ్‌లు ప్రతి విసరును కాగితముపై గుర్తించుకొందురు.

అందరికన్న దూరము విసరగలవాడే గెలుచునని తలంచువారు పొరబడుచున్నారు. తప్పిన విసరు తరువాత తలవంచుకొనక తదుపరి ఆటను స్పష్టముగా పిలువగలవాడు, ఎవని కంఠము వినినంతనే తక్కిన పదుగురును తమ తమ చోట్ల కుదురుకొందురో వాడు, కోచ్ కంటికి ముందుగా ఆనును. ఐతే ఎంపికైనవాని గొడవ మనకేల? వానికి ప్రాక్టీసులో అధికభాగము వంతులు తామే వచ్చును. ఎంపిక కానివాడేమి చేయవలెనన్నదే నేను చెప్పదలచినది.

అలబామా విశ్వవిద్యాలయపు జేలెన్ హర్ట్స్‌ను చూడుడు. 2016లో మొదటి సంవత్సరపు విద్యార్థిగానే ఆ స్థానము దక్కించుకొని, రెండేళ్లలో 28 పోటీలు ఆరంభించి 26 గెలిపించిన ఆ యువకుని, 2018 జనవరి 8న అట్లాంటాలో జార్జియా విశ్వవిద్యాలయపు జట్టుతో జరిగిన జాతీయ ఛాంపియన్‌షిప్ పోటీలో, జట్టు 13–0తో వెనుకబడియుండగా, కోచ్ నిక్ సేబన్ విరామమున పక్కన కూర్చుండబెట్టి టువా టాగోవైలోవాను పంపెను. టువా 26–23తో గెలిపించెను. ఆ ఆగస్టు శిబిరమున ఇరువురి నడుమ పోటీ సాగుచుండగా, తన మనసులో ఏమున్నదో అడిగినవాడే లేడని హర్ట్స్ విలేఖరుల యెదుట బాహాటముగా చెప్పెను. స్థానము టువాకే దక్కెను. హర్ట్స్ అలిగి పోలేదు. డిసెంబరు 1న, అదే అట్లాంటాలో, అదే జార్జియాతో, సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్ తుదిపోటీలో టువా గాయపడగా, 28–21తో వెనుకబడిన జట్టును చేపట్టి, ఒక విసరుతో సమము చేసి, నిమిషమునకు కొంచెమెక్కువ కాలము మిగిలియుండగా తానే పరుగెత్తి గీత దాటి, 35–28తో గెలిపించెను. ఆనాడు మైదానమున కనబడినది ఆనాటి శక్తి కాదు, పక్కన నిలిచిన మాసములలో కూడబెట్టుకొన్న శక్తి.

ఆ శిబిరములలో ఒక అభ్యాసము గలదు. దానిని మెంటల్ రెప్స్ అందురు. మొదటివాడు బంతి నందుకొనుచుండగా, కొన్ని గజముల వెనుక నిలిచిన రెండవవాడు అదే ఆటను పెదవుల కదలికతో పిలిచి, అవే అడుగులు వేసి, వట్టిచేతితోనే బంతి ఎటు పోవలెనో నిర్ణయించుకొని, పిమ్మట మొదటివాడు చేసినదానితో సరిచూచుకొనును. నేను ప్రమాణము చేసి చెప్పగల సాధన ఇదియే. కళాశాలలో శాఖాధ్యక్షత నాకు గాక మరియొకరికి దక్కిన యేడు, రాత్రులు నిద్రపట్టక, పగలు వారి ముఖము చూడలేక, నేను పడిన వేదన అనుభవించినవారికే యెరుక. అప్పుడొక నోటుపుస్తకము పెట్టుకొంటిని. సమావేశమున చిక్కు ప్రశ్న రాగానే, అధ్యక్షులు నోరు విప్పకముందే, ఎడమపుటలో నా నిర్ణయము వ్రాసికొని, వారి నిర్ణయము కుడిపుటలో వ్రాయుదును. నెలలు గడచిన కొలది కుడిపుటలో నాకు తోచని యోచనలెన్నో కనబడసాగెను. అసూయకు కూర్చుండ చోటు లేకపోయెను. ఇట్టి మానసికసాధన శరీరసాధనకు బదులు కాజాలకున్నను, దానికి తోడైనచో నైపుణ్యమును పెంచునని మనశ్శాస్త్రజ్ఞులును అంగీకరించియున్నారు.

వంతులు తక్కువని ఏడ్చువారా, మిషిగన్ విశ్వవిద్యాలయమున క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రాడీ కూడ అట్లే మొరపెట్టుకొనగా, వచ్చిన ఆ కొద్ది వంతులనే శ్రేష్ఠముగా చేయుమని అచటి క్రీడాకారుల సలహాదారు గ్రెగ్ హార్డెన్ హితవు చెప్పెనని ప్రసిద్ధి. మీకు దక్కినవాటిలో ఎన్నింటిని పరధ్యానముతో పాడుచేసికొనుచున్నారో లెక్కింపుడు! ఇక వేళకు నిద్రింపుడు, ఎంపికైనవానిని టీకొట్టుకడ నిందింపకుడు, పక్కవాని పని కూడ నేర్వుడు; ఇవి మీరెరిగినవే.

నిరీక్షించిన ప్రతివానికి వంతు వచ్చునని నేను చెప్పజాలను. హర్ట్స్ కూడ 2019లో ఓక్లహోమా విశ్వవిద్యాలయమునకు వెడలి, అచట కళాశాల ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగానికిచ్చు హైస్‌మన్ పురస్కారపు ఓట్లలో రెండవవాడై, 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా జట్టు తరఫున, వృత్తి ఫుట్‌బాల్ తుదిపోటీయైన సూపర్‌బౌల్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యెను. మీరును పోదలచినచో పొండు, తప్పు లేదు. కాని పోవుటకు ముందు, ఈ చోట మీకన్న ముందు నిలిచినవాని యొద్ద నేర్వదగినదంతయు నేర్చుకొని మరీ పొండు.