మెదడువాపు: ఒకే రోగిలో రెండు ప్రతిరక్షకములు

శరీరములోనికి రోగక్రిములు ప్రవేశించినపుడు వానిని ఎదిరించుటకు రక్తమున ప్రతిరక్షకములు పుట్టును. ఒక్కొక్కప్పుడు అవి దారి తప్పి, కంచెయే చేను మేసినట్లు, స్వంత మెదడు కణములనే బాధించును. ఇదియే ఆటో ఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్. ఇది ఒకరినుండి మరియొకరికి అంటదు.

ఎన్.ఎం.డి.ఎ. గ్రాహకములను బాధించు ప్రతిరక్షకమును 2007లో డాల్మౌ అను వైద్యుడును, ఆయన సహచరులును వెల్లడించిరి. ఈ జబ్బు యువతులలోను, పిల్లలలోను హెచ్చు. నిన్నటివరకు చక్కగా నున్న పిల్ల కొలది దినములలోనే నిద్ర మాని, పొంతన లేక మాటలాడును, మూర్ఛలు వచ్చును, నోరు, చేతులు వింతగా కదలును, పిదప మాటయే పడిపోవును. కొందరు యువతులలో అండాశయమందలి కంతి దీనికి మూలము. దయ్యము సోకినదని తాయెత్తులతో కాలము గడుపుట ప్రాణాపాయము.

కొందరిలో రెండవ ప్రతిరక్షకము కూడ ఉండును. 2014లో ప్రచురితమైన ఒక పరిశీలనలో ఇట్టి రోగులు 691 మందికిగాను 23 మందిలో నరముల పైపొర చెడు జబ్బు లక్షణములును కానవచ్చెను. వారిలో కొందరి రక్తమున మోగ్ అనునదియో, ఆక్వాపోరిన్-4 అనునదియో ఉండెను.

మన మిరప రైతులెరిగిన పోలిక యొకటి కలదు. తామర పురుగు వలన పై ముడత, నల్లి వలన క్రింది ముడత వచ్చును. రెండును ఒకే చేనిలో నుండవచ్చును. ఒకదానికి మందు కొట్టి ఊరకున్నచో రెండవది చేనును తినివేయును. ఇచ్చటను అంతే. మెదడువాపు తగ్గిన నెలలకో, ఏండ్లకో చూపు మందగించినను, కాళ్లు పట్టు తప్పినను, మూత్రము బిగిసినను అది రెండవ ప్రతిరక్షకము పని కావచ్చును. అందులకు పరీక్షయు, దీర్ఘకాలపు మందులును వేరు. రక్తముతోపాటు వెన్నునీటిని పరీక్షించుట అవసరము. వెన్నునీరు తీసినచో కాళ్లు పడిపోవునను భయము నిరాధారము.

సకాలమున స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్, ప్లాస్మా మార్పిడి వంటి చికిత్సలు జరిగి, కంతి యున్నచో తొలగించినయెడల, ఎన్.ఎం.డి.ఎ. రోగులలో నూటికి సుమారు 80 మంది రెండేండ్లలో తమ పనులు తాము చేసికొనగలుగుచున్నారు.

కావున పంచాయతీ సభ్యులు ఇట్టి లక్షణములు విన్నవెంటనే 108 వాహనమును పిలిపింపవలెను. కొత్తపట్నమునకు ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రి దూరము కాదు. అచ్చటి వైద్యులు పంపినచో పెద్ద ఆసుపత్రికి వెనుదీయక పోవలెను. పాత చీటీలు, పరీక్షల కాగితములు భద్రపరచుమనియు, వైద్యుడు చెప్పక మందులు మానరాదనియు కుటుంబమునకు బోధింపవలెను. కోలుకొని వచ్చిన బిడ్డను పిచ్చిదని యెవ్వరును వెలివేయకుండ చూచుటయు సభ్యుల విధియే యని మేము మనవి చేయుచున్నాము.